కొత్తగా విడుదలైన స్పోర్ట్స్ కారు, తొలి ఏడాది రీకాళ్లు: కొనే ముందు నుంచి మరమ్మతు పూర్తయ్యేదాకా ఏం చేయాలి?

కొత్త స్పోర్ట్స్ కారును విడుదలైన మొదటి ఏడాదిలోనే కొన్నవారు, తెలిసి కొన్నా తెలియక కొన్నా, ఆ కారు పరీక్షల్లో చివరి విడతను తమ చేతుల మీదుగా నడిపిస్తున్నవారే. తయారీ సంస్థలు ఎడారి ఎండలోను, మంచు ప్రాంతాల్లోను, రేస్ ట్రాకుల మీద ఏళ్ల తరబడి పరీక్షించే నమూనా కార్లు నిపుణులు ఒక్కొక్కటిగా, తీరిగ్గా కూర్చినవి. అమ్మకానికి వచ్చేవి మాత్రం అసెంబ్లీ లైను మీద నిమిషాల లెక్కన తయారైనవి కాబట్టి, ఒక వారం పాటు సరిగా బిగించని బోల్టో, సరఫరాదారు చేతుల్లో తేడా వచ్చిన వెల్డింగో, వేడికి తట్టుకోలేని జిగురో పరీక్షల కంటికి చిక్కకుండా నేరుగా కొనుగోలుదారుడి ఇంటికి చేరగలదు. స్పోర్ట్స్ కారులో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే ఇరుకైన చోట శక్తిమంతమైన ఇంజినును అమర్చడం వల్ల వేడి చాలా పుడుతుంది, తక్కువ సంఖ్యలో తయారవుతుంది గనుక లోపాలు బయటపడటానికి చాలినన్ని కార్లు రోడ్డు మీద ఉండవు, పైగా కొన్నవారు దాన్ని మామూలు కారు కంటే గట్టిగానే నడుపుతారు.

ధర ఎక్కువైతే ఈ బెడద తప్పుతుందని అనుకోవద్దు. 2010లో ఫెరారీ 458 ఇటాలియా కార్లు కొన్ని నిప్పంటుకుని కాలిపోయినప్పుడు తేలిన కారణం, వెనక చక్రాల పైభాగంలో ఉష్ణకవచాన్ని అతికించడానికి వాడిన జిగురు. ఎగ్జాస్ట్ వేడికి అది కరిగి, కవచం వంగి, చివరకు మంటకు దారితీసేది. సంస్థ 1,248 కార్లను వెనక్కి పిలిచి (దీన్నే రీకాల్ అంటారు), జిగురు స్థానంలో లోహపు బిగింపులను అమర్చింది. 2014లో పోర్షే 911 జీటీ3 కార్లు రెండు కాలిపోయిన తర్వాత, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు దగ్గర ఒక స్క్రూ వదులై ఇంజిను గోడను పగలగొడుతున్నదని, అక్కడి నుంచి కారిన నూనె అంటుకుంటున్నదని తేలింది. కార్లను నడపవద్దని యజమానులకు చెప్పి, 785 కార్లకు సంస్థ ఇంజిన్లనే పూర్తిగా మార్చింది. ఈ రెండు ఉదంతాల్లోనూ నాకు కనిపించేది ఒకటే: లోపం చాలా చిన్నది, సంస్థ చివరకు సరిగానే స్పందించింది, అయితే మొదటి మంటకు, ఆ స్పందనకు నడుమ గడిచిన రోజుల్లో యజమానిని కాపాడేది అతని సొంత జాగ్రత్త ఒక్కటే. ఆ జాగ్రత్త ఏ క్రమంలో తీసుకోవాలో కింద వివరిస్తున్నాను.

చేతికి వచ్చిన సమాచారం ఏ రకమో ముందు తేల్చుకోండి

"రీకాల్ వచ్చింది" అనే మాటను జనం నాలుగు వేర్వేరు విషయాలకు వాడుతుంటారు, వాటి మధ్య తేడా తెలియకపోతే మీ హక్కు ఎక్కడిదాకా ఉందో తెలియదు. మొదటిది భద్రతా రీకాల్: చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థకు తెలియజేసి, ప్రతి యజమానికీ ఉత్తరం పంపి, ఉచితంగా సరిచేయవలసినది. అమెరికాలో 1966 నాటి వాహన భద్రతా చట్టం కింద, లోపం ఉందని నిర్ధారించుకున్న 5 పనిదినాల్లో సంస్థ అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు తెలపాలి, ఆ తర్వాత 60 రోజుల్లోగా యజమానులకు ఉత్తరాలు పంపాలి. జర్మనీలో కేబీఏ, బ్రిటన్‌లో డీవీఎస్‌ఏ అనే ప్రభుత్వ సంస్థలు, జపాన్‌లో రవాణా మంత్రిత్వ శాఖ ఇలాంటి బాధ్యతే చూస్తాయి. రెండవది సర్వీస్ క్యాంపెయిన్: భద్రతకు సంబంధం లేని లోపాన్ని సంస్థ తనంతట తాను, తరచుగా ఒక గడువు లోపల, ఉచితంగా సరిచేసే ఏర్పాటు. మూడవది టెక్నికల్ బులెటిన్: ఫలానా ఫిర్యాదు వస్తే ఇలా బాగుచేయండని సర్వీస్ సెంటర్లకు పంపే సూచన మాత్రమే. వారంటీ ఉండి, మీరు ఫిర్యాదు చేస్తేనే అది మీకు ఉపయోగపడుతుంది. అడగనివారికి దాని సంగతి ఎవరూ చెప్పరు, అందుకే అసలైన నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. నాలుగవది అమ్మకాల నిలుపుదల: షోరూంలో ఉన్న కార్లను కొనుగోలుదారులకు అప్పగించవద్దని సంస్థ ఇచ్చే ఆదేశం. మీరు బుక్ చేసిన కారు షోరూంకు చేరి కూడా వారాల తరబడి మీ చేతికి రాకపోతే, ఆ ఆదేశం ఏమైనా ఉందా అని సూటిగా అడగండి.

కొనే ముందు

ఏడాది ఆగగలిగితే ఆగండి. ఇది పిరికి సలహాలా వినిపించినా, తొలి ఏడాదిలో బయటపడిన లోపాలకు రెండో ఏడాది కార్లలో పరిష్కారం అసెంబ్లీ లైను మీదనే జరిగిపోతుంది. 2016 నాటి ఫోర్డ్ షెల్బీ జీటీ350 మూల వేరియంటులో గేర్‌బాక్సుకు, శక్తిని చక్రాలకు పంచే డిఫరెన్షియలుకు ప్రత్యేక కూలర్లు లేవు. ట్రాకు మీద కాసేపు తిప్పగానే కారు తనను తాను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకుంటున్నదని యజమానులు ఫిర్యాదు చేశారు. 2017 మోడల్ నుంచి ఆ కూలర్లు అన్ని కార్లకూ వచ్చాయి. తొందరపడినవారికి, ఆగినవారికి మధ్య తేడా ఒక్క ఏడాదే.

ఆగలేని కోరికను నేనూ అర్థం చేసుకోగలను. అప్పుడు కనీసం మీకు కేటాయించిన కారు ఎప్పుడు తయారైందో తెలుసుకోండి. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీద అతికించిన పట్టీలో చాలా కార్లకు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పదిహేడు అక్షరాల చాసిస్ నంబరులో చివరి ఆరు అంకెలు సాధారణంగా వరుస సంఖ్య, దాన్నిబట్టి మీ కారు తొలి వందల్లోదా, తర్వాతి వేలల్లోదా అన్నది ఊహించవచ్చు. ఉత్తర అమెరికా మార్కెట్ కార్లలో పదో అక్షరం మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది: 2024కు ఆర్, 2025కు ఎస్. ఇతర మార్కెట్లలో అన్ని సంస్థలూ ఈ పద్ధతిని పాటించవు కాబట్టి, అక్కడ తలుపు పట్టీనే నమ్మండి. వరుస సంఖ్య చిన్నదైనంత మాత్రాన కారు చెడ్డదని చెప్పలేం, రీకాల్ పరిధిలో అది పడే అవకాశం ఎక్కువన్నది మాత్రం వాస్తవం.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: అప్పగింత నాటికి పెండింగులో ఉన్న రీకాళ్లు, క్యాంపెయిన్లు అన్నీ పూర్తిచేసి ఇస్తామన్న హామీ, ట్రాకు మీద నడిపితే వారంటీ ఏ మేరకు వర్తిస్తుందన్న స్పష్టత, ఈ మోడల్ ఇంజినును, గేర్‌బాక్సును విప్పడానికి శిక్షణ పొందిన మెకానిక్ ఆ సర్వీస్ సెంటర్‌లోనే ఉన్నాడా, లేక కారును మరో చోటికి పంపాలా అన్నదానికి జవాబు. మూడో ప్రశ్నకు సేల్స్ సిబ్బంది సాధారణంగా తడబడతారు. ఆ తడబాటే మీకు కావలసిన సమాచారం.

కారు అప్పగించే రోజు

పగటి వెలుగులో, తొందర లేని రోజున వెళ్లండి. రంగు తేడాలు, ప్యానెళ్ల మధ్య సందులు అందరూ చూస్తారు కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. అవి నిజానికి కారు లోపలి నాణ్యత గురించి పెద్దగా చెప్పవు కూడా. అంతకంటే ముఖ్యమైనవి రవాణా కోసం చేసిన ఏర్పాట్లు తొలగించారా లేదా అన్నవి. ఓడల్లో, లారీల్లో పంపేటప్పుడు కారు ఊగకుండా స్ప్రింగుల మధ్య దిమ్మలు పెడతారు, టైర్లలో గాలి ఎక్కువ కొడతారు, విద్యుత్ వ్యవస్థను రవాణా స్థితిలో ఉంచుతారు. ఈ దిమ్మలు తీయడం మరిచిపోయిన కారును నడిపి, సస్పెన్షన్ లోపమని నెలల తరబడి బాధపడినవారు ఉన్నారు. టైరు పక్కభాగాన ఉండే, డీఓటీ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2324 అంటే 2024లో 23వ వారం. కారు తయారీ తేదీ కంటే టైర్లు చాలా పాతవైతే ఎందుకో అడగండి.

బోనెట్టు, డిక్కీ మూతలను రెండు మూడుసార్లు తెరిచి మూయండి. ఇది చాదస్తంగా అనిపిస్తే 2020 నాటి షెవర్లే కార్వెట్ సీ8 సంగతి గుర్తుచేసుకోండి. ఇంజిను మధ్యలోకి వెళ్లడంతో ముందు భాగం సామాను పెట్టెగా మారిన ఆ కారులో, కొందరు యజమానులు మూత సరిగా పడలేదన్నది గమనించక కారు కదిలించగా, అది నడుస్తుండగానే లేచి అద్దానికి అడ్డుపడింది. రీకాల్ పరిష్కారం సాఫ్ట్‌వేర్ రూపంలో వచ్చింది: మూత పూర్తిగా పడకపోతే కారు హెచ్చరికలు ఇస్తుంది, గంటకు సుమారు 42 కిలోమీటర్లకు మించి వెళ్లదు.

చివరగా, కారు తెరమీద కనిపించే సాఫ్ట్‌వేర్ వెర్షన్లను, ఓడోమీటరును, తలుపు పట్టీని, ఇంజిను గదిని ఫోనులో ఫొటోలు తీసి తేదీతో భద్రపరచండి. మీ ఫైలు ఇక్కడ మొదలవుతుంది.

మొదటి మూడు వేల కిలోమీటర్లు

యజమాని పుస్తకంలో రాసిన రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజినును మొదట్లో నెమ్మదిగా నడపడం) నియమాలను అక్షరాలా పాటించండి. ఇంజిను మేలు కోసమే అయితే ఈ విషయంలో ఇంజినీర్ల మధ్యే వాదనలున్నాయి. అయితే ఏదైనా పగిలిన రోజున సంస్థ మొదట చూసేది కారు కంప్యూటరులో నమోదైన అత్యధిక ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు), అది ఏ కిలోమీటరు దగ్గర జరిగిందన్న వివరం. మీ వైపు నుంచి వంక దొరకకూడదు.

ప్రతిసారి పెట్రోలు పోయించినప్పుడు ఇంజిన్ ఆయిల్ చూడండి, చూసింది రాయండి. కొత్త ఇంజిను కొంత నూనె తాగడం సహజం, కాని ఆ వాడకం క్రమంగా తగ్గాలే గాని పెరగకూడదు. డ్రై సంప్ ఉన్న (నూనెను ఇంజిను అడుగున కాక వేరే ట్యాంకులో ఉంచే) ఇంజిన్లలో నూనె మట్టాన్ని చల్లగా ఉన్నప్పుడు చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఇంజినును బాగా వేడెక్కించాకే, కొన్నింటిలో ఇంజిను నడుస్తుండగానే చూడాలి, కాబట్టి మీ మోడల్ పద్ధతి ఏమిటో పుస్తకంలో చదవండి. తప్పుగా చూసి, తక్కువగా ఉందనుకుని, అదనంగా పోసి కొత్త సమస్య తెచ్చుకునేవారు చాలామందే ఉన్నారు. 1984 నాటి పాంటియాక్ ఫియెరో చరిత్ర ఈ అలవాటు విలువను చెబుతుంది: తొలి ఏడాది కార్లలో నూనె తగ్గిన ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్లు విరిగి, బయటికి చిమ్మిన నూనె వేడి ఎగ్జాస్ట్ మీద పడి మంటలు లేచాయి. ఆ మోడల్ 1988తో ఆగిపోయింది.

ఈ దశలో ముక్కుకు పని చెప్పండి. కొత్త కారులో ఎగ్జాస్ట్ పూతలు, ప్లాస్టిక్కు కాలిన వాసన మొదటి కొన్ని రోజులు ఉంటుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు దాటాక కూడా అది ఉంటే, లేదా ఒకసారి పోయి తిరిగి వస్తే, అది పెట్రోలు వాసనా, నూనెదా, రబ్బరుదా అన్నది గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. పెట్రోలు వాసన వస్తే మాత్రం పరిశోధన మానేసి, కారును గరాజు బయట ఖాళీ స్థలంలో నిలిపి, దాన్ని లారీ మీద తీసుకెళ్లమని సర్వీస్ సెంటర్‌ను కోరండి.

లోపాలు కానివాటిని కూడా తెలుసుకోవాలి, లేకపోతే అసలు ఫిర్యాదు చేసేసరికి సర్వీస్ సిబ్బంది మీ మాటను తేలిగ్గా తీసుకునే పరిస్థితి వస్తుంది. వెడల్పాటి టైర్లున్న కారు చలి ఉదయాన స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలేటప్పుడు ముందు చక్రాలు ఎగిరెగిరి పడినట్టు అనిపించడం, సిరామిక్ బ్రేకులు చల్లగా ఉన్నప్పుడు కీచుమనడం, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు తక్కువ వేగంలో టకటకమనడం ఇలాంటి కార్ల స్వభావమే. వారాల తరబడి నడపకుండా నిలిపిన కారులో బ్యాటరీ నీరసించి, సంబంధం లేని హెచ్చరిక దీపాలన్నీ ఒకేసారి వెలగడమూ మామూలే. బ్యాటరీ పూర్తిగా చార్జి చేశాక కూడా దీపం ఆరకపోతేనే ఆలోచించండి.

నిజమైన లక్షణం కనిపించినప్పుడు "శబ్దం వస్తోంది" అని రాస్తే ఎవరికీ ప్రయోజనం లేదు. ఇంజిను చల్లగా ఉందా వేడిగా ఉందా, ఎన్నో గేరు, ఎంత వేగం, ఎంత ఆర్‌పీఎం, యాక్సిలరేటరు నొక్కుతున్నారా వదిలారా, మలుపులోనా నేరుగానా, వాన పడుతోందా అన్నవి రాయండి. పక్కన కూర్చున్నవారి చేత ఓడోమీటరు కనిపించేలా వీడియో తీయించండి. హెచ్చరిక దీపం వెలిగితే, ఓబీడీ స్కానరుతో (కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) కోడ్‌ను, దానితోపాటు నిలిచిన ఆ క్షణపు వివరాలను చదివి ఫొటో తీయండి, కాని కోడ్‌ను మీరు చెరిపివేయవద్దు. చెరిపితే సాక్ష్యం పోయినట్టే.

చాసిస్ నంబరుతో వెతకడం

నెలకొకసారి, తొలి ఏడాదిలో వీలైతే రెండు వారాలకొకసారి, తయారీ సంస్థ వెబ్‌సైటులోను, మీ దేశపు ప్రభుత్వ సంస్థ జాబితాలోను మీ చాసిస్ నంబరు పెట్టి చూడండి. మోడల్ పేరుతో వెతకడం చాలదు, ఎందుకంటే రీకాల్ పరిధి ఒక్కోసారి ఆశ్చర్యం కలిగించేంత చిన్నదిగా ఉంటుంది. 2020 మోడల్ టొయోటా జీఆర్ సుప్రా విడుదలైన కొద్ది నెలలకే, సీటు బెల్టు గైడు దగ్గరి వెల్డింగు లోపానికి అమెరికాలో వెనక్కి పిలిచింది కేవలం 7 కార్లనే. ఇందుకు భిన్నంగా 2021లో పోర్షే టైకాన్‌కు, నడుస్తుండగా శక్తి కోల్పోయే సాఫ్ట్‌వేర్ లోపం వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 43,000 కార్లకు రీకాల్ వచ్చింది.

ఈ వెతుకులాటకు రెండు పరిమితులున్నాయి. కొత్తగా ప్రకటించిన రీకాల్‌లో ఏయే కార్లు ఉన్నాయన్న జాబితా పూర్తయ్యేదాకా మీ నంబరు ఖాళీగానే కనిపించవచ్చు, కాబట్టి వార్త విన్న రోజునే చూసి నిశ్చింతగా ఉండకుండా, మరో రెండు మూడు వారాలు చూడండి. రెండవది స్పోర్ట్స్ కార్ల యజమానులకు మరీ ముఖ్యం: అమెరికా ప్రభుత్వ వెతుకులాట పుటలో కొన్ని చిన్న తయారీదారుల, అతి ఖరీదైన బ్రాండ్ల రీకాళ్లు కనిపించవని ఆ సంస్థే చెబుతుంది. అలాంటి కారు మీదైతే తయారీ సంస్థనే నేరుగా రాతపూర్వకంగా అడగడం తప్ప మార్గం లేదు.

రీకాల్ ఉత్తరం చేతికందాక

ఉత్తరంలో మొదట వెతకవలసింది రెండు వాక్యాలు: కారు నడపవద్దని ఉందా, ఇంటికి, గరాజుకు దూరంగా నిలపమని ఉందా. ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతాది తర్వాత చదువుకోవచ్చు. కారును అదే రోజు బయట నిలిపి, నడపడం ఆపండి. "మరో వారం చూద్దాం, నా కారు బాగానే ఉంది కదా" అన్న మాట వినడానికి తర్కబద్ధంగానే ఉంటుంది. కాలిపోయిన జీటీ3 యజమానులకు కూడా అంతకుముందు రోజు వరకు కారు బాగానే ఉంది.

తర్వాత పరిష్కారం సిద్ధంగా ఉందా లేదా చూడండి. చాలాసార్లు మొదటి ఉత్తరం హెచ్చరిక మాత్రమే, విడిభాగాలు సిద్ధమయ్యాక రెండో ఉత్తరం వస్తుంది. ఈ మధ్యకాలంలో కారు నడపకూడని పరిస్థితి అయితే, ప్రత్యామ్నాయ వాహనం, వాయిదాల చెల్లింపు, బీమా ఖర్చు వంటి వాటికి పరిహారం ఏమైనా ఇస్తారా అని సంస్థ కస్టమర్ విభాగాన్ని ఈమెయిల్‌లో అడగండి. అడిగినవారికి ఇచ్చి, అడగనివారికి ఇవ్వకపోవడం ఈ రంగంలో సర్వసాధారణం. ఫోనులో మాట్లాడితే, మాట్లాడిన వెంటనే "మీరు ఫలానా విధంగా చెప్పారు" అని ఒక ఈమెయిల్ రాసి పెట్టండి.

కారును తరలించవలసి వస్తే, చక్రాలన్నీ నేల మీద నుంచి లేచేలా పూర్తిగా లారీ పైకెక్కించే ఏర్పాటే కోరండి, ముఖ్యంగా నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లకు. నేలకు దగ్గరగా ఉండే ముందు భాగం ఎక్కేటప్పుడు గీరుకోకుండా పొడవాటి ర్యాంపులు తెమ్మనండి, ఎక్కించే ముందు, దించిన తర్వాత నాలుగు వైపులా వీడియో తీయండి.

పరిష్కారం మీకు నచ్చకపోవచ్చు. ఆడి టీటీ మొదటి తరం కార్లు 1998లో వచ్చిన కొద్దికాలానికే, జర్మనీ రహదారుల మీద అతివేగంలో హఠాత్తుగా లేను మారేటప్పుడో, మలుపు తిరిగేటప్పుడో అదుపు తప్పి ప్రాణాంతక ప్రమాదాలు జరిగాయి. సంస్థ సస్పెన్షనులో మార్పులు చేసి, స్థిరత్వ నియంత్రణ వ్యవస్థను, వెనక చిన్న స్పాయిలరును అమర్చింది. ఆ స్పాయిలరు లేని నున్నని రూపమే అందమని వాదించేవారు ఇప్పటికీ కనిపిస్తారు. అందం సంగతి వారి ఇష్టం, కాని గాలి ఒత్తిడి వెనక భాగాన్ని పైకి లేపుతున్న కారులో ఆ చిన్న రేకు ఎందుకుందో తెలిశాక నేనైతే దాన్ని వద్దనను.

సర్వీస్ సెంటర్‌లో

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే రీకాల్ సంఖ్య చెప్పి, విడిభాగాలు వచ్చి ఉన్నాయని నిర్ధారించుకున్నాకే కారు ఇవ్వండి, లేకపోతే మీ కారు వారి ఆవరణలో దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది. జాబ్ కార్డులో రీకాల్ సంఖ్య, ఓడోమీటరు, మీ ఇతర ఫిర్యాదులు మీ మాటల్లోనే రాయించండి. "జనరల్ చెకప్" అని రాసిన జాబ్ కార్డు మీద సంతకం చేయవద్దు. రెండేళ్ల తర్వాత ఇదే లోపం తిరిగి వచ్చినప్పుడు, వారంటీలోనే ఫిర్యాదు చేశారనడానికి ఆ కాగితమే ఆధారం.

ఏ పని జరగబోతున్నదో అడగడానికి మొహమాటపడవద్దు. సాఫ్ట్‌వేర్ మార్పు అయితే పాత వెర్షన్, కొత్త వెర్షన్ సంఖ్యలు బిల్లు మీద రాయించండి. విడిభాగం మార్పిడి అయితే కొత్త భాగం సంఖ్య రాయించండి. తనిఖీ చేసి అవసరమైతేనే మార్చే రకం రీకాల్ అయితే, కొలత ఎంత వచ్చింది, పరిమితి ఎంత అన్నది తెలుసుకోండి. "చూశాం, బాగుంది" అన్న జవాబును తనిఖీగా లెక్కించలేం.

ఇంజినును కిందికి దించవలసిన రీకాల్ విషయంలో ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే మరమ్మతే కొత్త లోపానికి మూలం కావచ్చు. 2012లో వచ్చిన సుబారు బీఆర్‌జడ్, టొయోటా 86 జంట కార్లలోని తొలి కాలపు ఇంజిన్లలో వాల్వ్ స్ప్రింగులు విరిగే అవకాశం ఉందని 2018 నవంబరులో రీకాల్ ప్రకటించారు. స్ప్రింగు చిన్నదే అయినా దాన్ని చేరాలంటే ఇంజినును బయటికి తీసి, ముందు భాగం మూతను విప్పి, సీలెంటుతో (నూనె కారకుండా పూసే జిగురు) తిరిగి అతికించాలి. ఆ మరమ్మతు తర్వాత తమ ఇంజిన్లు పాడయ్యాయని, ఎక్కువైన సీలెంటు ముక్కలు ఊడి నూనె దారికి అడ్డుపడ్డాయని పలువురు యజమానులు ఫిర్యాదు చేశారు. కాబట్టి ఇలాంటి పనికి, అదే రీకాల్‌ను ఇప్పటికే కొన్ని కార్లకు చేసిన మెకానిక్ ఉన్న చోటును ఎంచుకోండి, కొంత దూరమైనా సరే.

కారు తీసుకున్నాక మొదటి వంద కిలోమీటర్లు నెమ్మదిగా, ఇంటికి దగ్గరలో నడపండి. రాత్రి కారు కింద శుభ్రమైన అట్ట పరిచి ఉదయం చుక్కలేమైనా ఉన్నాయేమో చూడండి. నూనె మట్టం, కూలెంట్ మట్టం మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూడండి. విప్పి బిగించిన బోల్టుల మీద చాలా సర్వీస్ సెంటర్లు రంగు గుర్తు పెడతాయి. కనిపించే చోట ఆ గీత తెగకుండా ఉందో లేదో గమనించవచ్చు. మీ చాసిస్ నంబరును మళ్లీ వెబ్‌సైటులో పెట్టి, రీకాల్ పూర్తయినట్టు నమోదైందా చూడండి. పని చేసి నమోదు చేయకపోవడం, అంతకంటే ఘోరంగా, నమోదు చేసి పని చేయకపోవడం రెండూ జరుగుతాయి.

రీకాల్ రాని లోపం ఉంటే

ఓపిక ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే. మాజ్దా ఎంఎక్స్-5 నాలుగో తరం తొలి కార్ల మాన్యువల్ గేర్‌బాక్సు సమస్యలకు, 1990ల చివర వచ్చిన పోర్షే బాక్స్‌టర్, 911 ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఇంజిను లోపల తిరిగే ఒక ఇరుసు) బేరింగు వైఫల్యాలకు రీకాల్ రాలేదు. బాగుపడినవారు వారంటీ ద్వారానో, సంస్థ సౌహార్దంతో ఇచ్చిన సాయం ద్వారానో, కోర్టు ద్వారానో బాగుపడ్డారు. ఈ మూడు దారుల్లోనూ మీ ఫైలే మీ బలం.

మొదట అదే లోపానికి కనీసం రెండు జాబ్ కార్డులు ఉండేలా చూసుకోండి. "సమస్య కనిపించలేదు" అని రాసి పంపినా ఆ కాగితాన్ని పారేయవద్దు, ఫిర్యాదు తేదీ దాని మీద ఉంటుంది. సర్వీస్ మేనేజరును పక్కన కూర్చోబెట్టుకుని, మీ నోట్సులో రాసుకున్న పరిస్థితుల్లోనే కారు నడిపి చూపించండి. తర్వాత తయారీ సంస్థకు రాయండి, జవాబుకు తేదీ పెట్టండి. దానికి సమాంతరంగా ప్రభుత్వ భద్రతా సంస్థకు ఫిర్యాదు నమోదు చేయండి. చాలామంది ఈ చివరి పని వదిలేస్తారు, కాని దర్యాప్తులు మొదలయ్యేది ఒకే రకమైన ఫిర్యాదులు పోగుపడినప్పుడే. కొన్ని వందలో, వేలో అమ్ముడైన కారు విషయంలో పది స్పష్టమైన ఫిర్యాదులకు కూడా బరువుంటుంది. ఫిర్యాదులో కోపాన్ని పక్కనపెట్టి వేగం, ఉష్ణోగ్రత, కిలోమీటర్లు, కోడ్‌లు మాత్రమే రాయండి.

లోపం వివాదంలో ఉన్నంతకాలం కారులో ఏ మార్పూ చేయవద్దు. ఎగ్జాస్ట్ మార్చినా, ఇంజిన్ ట్యూనింగ్ చేయించినా, సంస్థకు కావలసిన సాకు దొరికినట్టే. ట్రాకుకు వెళ్లినట్టు చిత్రాలు అందరికీ కనిపించేలా పెట్టడం కూడా ఇంతే. ట్రాకు కోసమేనని ప్రకటనలు ఇచ్చి అమ్మిన కారును ట్రాకు మీద నడిపినందుకు వారంటీ నిరాకరించడం నాకు అన్యాయంగానే తోస్తుంది, అయినా ఆ వాదన గెలవడానికి పట్టే కాలంలో కారు కదలకుండా పడి ఉండేది మీ గరాజులో.

కొన్ని దేశాల్లో ఒకే లోపానికి నిర్ణీత సంఖ్యలో మరమ్మతులు విఫలమైనా, నిర్ణీత రోజులు కారు సర్వీస్ సెంటర్‌లోనే ఉండిపోయినా, కారు మార్చి ఇవ్వమని గాని డబ్బు తిరిగి ఇవ్వమని గాని కోరే హక్కు చట్టం ఇస్తుంది. ఈ హక్కుకు గడువులుంటాయి, కాబట్టి మూడో మరమ్మతు విఫలమైన రోజునే న్యాయవాదిని కలవండి.

కారు చేతులు మారేటప్పుడు

రీకాల్ ఉత్తరాలు నమోదైన చిరునామాకే వెళ్తాయి. తొలి ఏడాది కారును సెకండ్ హ్యాండ్‌లో కొంటే, కొన్న వారంలోనే మీ పేరు, చిరునామా తయారీ సంస్థ దగ్గర నమోదు చేయించండి. పాత రీకాళ్లలో ఏవైనా పూర్తికాలేదని తేలితే కారు రెండో యజమాని చేతిలో ఉన్నా ఉచితంగా చేయించుకోవచ్చు. అమెరికాలో ఈ ఉచిత హక్కు కారు మొదటిసారి అమ్ముడైనప్పటి నుంచి 15 ఏళ్ల వరకు ఉంటుంది. మీరే అమ్ముతున్నట్లయితే జాబ్ కార్డులు, రీకాల్ ఉత్తరాలు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ల ఫొటోలు, నూనె లెక్కలు రాసిన పుస్తకం అన్నీ కలిపి కారు తాళాలతోపాటు కొత్త యజమానికి అప్పగించండి, ప్రతులు మీ దగ్గర ఉంచుకోండి.